వానలకు ముందు మూడు నెలలు

ఆ గొడుగుల కంపెనీలో ఏ కాగితం మీదైనా సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలు టిక్కు చెబుతుంది. టిక్కు ఉన్నచోట యజమాని సంతకం పెడతాడు, లేనిచోట పెట్టడు. పైన ఏం రాసి ఉందో చదివే అలవాటు ఆయనకు పదకొండేళ్ళుగా లేదు. టిక్కు పెట్టేది ఆయన మరదలు, అంటే భార్యకు చెల్లెలు. కంపెనీ లెక్కలన్నీ ఆమెవే. కుట్టు హాల్లో ఆడవాళ్ళు ఆమెకు పెన్సిలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు తన చెవిన పడిందని వాళ్ళకు తెలియదనుకుంటుంది ఆమె. వాళ్ళకు అదీ తెలుసు.

సోమవారం పొద్దున బావ బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆమె బల్ల మీదికి విసిరినంత పని చేశాడు.

“ఆరు నెలలకి క్యాష్ బడ్జెట్ కావాలట. గురువారం కల్లా. పోయినేడాదిది తీసి దుమ్ము దులిపి, అంకెలు కాస్త అటూ ఇటూ చెయ్యి.”

“గుడ్డ రేటు పెరిగింది బావగారూ. ఊచల రేటూ పెరిగింది.”

“పెరిగితే పెంచు. అది కూడా నేనొచ్చి రాయాలా?”

వానాకాలంలో ఇదే మనిషి షాపులవాళ్ళ ముందు ‘మా మరదలు లేకపోతే ఈ కంపెనీ లేదు’ అని తెగ పొగుడుతాడు. ఎండాకాలంలో నోరు వేరు. ఓవర్‌డ్రాఫ్ట్ పెంచితేనే గుడ్డ కొనగలరు. గుడ్డ వస్తేనే గొడుగులు, గొడుగులుంటేనే వానలకు అమ్మకం. బ్యాంకు తల అడ్డంగా ఊపితే ఈ ఏడు కంపెనీకి తాళం పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి మాట అక్కడితో ఆగింది.

పదిన్నరకి జీతాల కిటికీ దగ్గర నీడ పడింది. ఇనప చువ్వలకు అవతల మేస్త్రమ్మ, ఆమె వెనక మరో ఇద్దరు. మేస్త్రమ్మ హాల్లో మొదటి మిషను మనిషి. ఇరవై రెండేళ్ళుగా మొదటి మిషనే. మెడలో కొలతల టేపు వేసుకుని, దాని రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని నిలబడటం ఆమెకు అలవాటు.

“పోయిన నెల జీతం సంగతి ఏమన్నారమ్మా?”

పెన్సిలమ్మ బావ వైపు చూసింది. ఆయన గాజు తలుపు అవతల తన కుర్చీలోంచే, తల ఎత్తకుండా చెప్పాడు.

“వానలు పడనీ. చూద్దాం.”

“వానలకి ఇంకా మూడు నెలలుందయ్యా.”

“మూడు నెలలు ఆగితే సరి.” ఆ మాటకు ఆయనే నవ్వుకున్నాడు.

మేస్త్రమ్మ ఆయన వైపు చూడలేదు. పెన్సిలమ్మనే చూస్తూ “పెన్సిలు మీ చేతిలోనే ఉంది కదమ్మా” అంది. వెనకున్న ఇద్దరూ అప్పటికే మెట్ల వైపు తిరిగారు.

వాళ్ళింకా మెట్లు దిగుతుండగానే టైల్స్ వేసే మనిషి వచ్చాడు. కంపెనీ వెనకే బావ ఇల్లు. మేడ మీద కొత్త గది లేస్తోంది. “ఇరవై రెండు వేలు ఇచ్చెయ్. పని ఆగితే మీ అక్క నన్ను బతకనివ్వదు” అన్నాడు బావ. పెన్సిలమ్మ ‘ఇంటికి’ అని ఓచరు రాసి టిక్కు పెట్టింది, ఆయన సంతకం పెట్టాడు. ఆ మనిషి వేలు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తెల్ల సిమెంటు వేలిముద్రలు కిటికీ గట్టు మీద మిగిలాయి.

“కిటికీ పక్కన గూడు పెట్టమన్నారు కదా మేడమ్, మీకు ఎంత ఎత్తులో కావాలి?” అన్నాడు పోతూ పోతూ.

ఆ గది ఆమెదే. మోటార్ల షాపు పైన ఒంటిగది అద్దెకు తీసుకుని, పొద్దస్తమానం సుత్తి దెబ్బలు వింటూ తొమ్మిదేళ్ళు గడిపిన చెల్లెలి కోసం అక్క పట్టుబట్టి వేయిస్తోంది. పెన్సిలమ్మ చెయ్యి భుజం ఎత్తుకు లేపి చూపించబోయింది. మెట్ల మలుపులో మేస్త్రమ్మ ఆగి ఉంది. నోట్లనూ చూసింది, ఆ ఎత్తిన చేతినీ చూసింది. టేపు కొసలు వదిలేసి కిందికి దిగిపోయింది.

పెన్సిలమ్మకు ఒళ్ళంతా సిగ్గేసింది. గట్టు మీద తెల్ల మరకలు తడిగుడ్డతో తుడిచింది గానీ ఆ సిగ్గు సాయంత్రం దాకా పోలేదు.

మంగళవారం ఆమె రెండు పెద్ద గీతల కాగితాలు జిగురుతో అతికించి, నిలువునా ఆరు గళ్ళు కొట్టింది. కంప్యూటరు ఉంది, కానీ ముందు పెన్సిలుతో రాస్తే తప్ప ఆమెకు డబ్బు కదలిక కంటికి ఆనదు. క్యాష్ బడ్జెట్‌కి లాభంతో పని లేదు. గొడుగు అమ్ముడుపోయిందా అని అది అడగదు, డబ్బు ఏ నెలలో గల్లాపెట్టెలోకి వచ్చి పడిందని అడుగుతుంది. షాపులవాళ్ళు మూడో నెలలో గొడుగులు ఎత్తుకుపోతారు, నాలుగో నెలలో అమ్ముకుంటారు, అయిదో నెలలో గానీ డబ్బు పంపరు. ఈలోగా గుడ్డవాడికి, ఊచలవాడికి, కరెంటుకి, బ్యాంకు వడ్డీకి, జీతాలకి, ఇంటికి ఇస్తూనే ఉండాలి. ప్రతి నెలా చివర మిగిలినదాన్ని పక్క గడి నెత్తిన ఎక్కించుకుంటూ పోవాలి. ఆ చివరి వరుసలో ఎక్కడ మైనస్ కనబడినా బ్యాంకువాళ్ళు కాగితం మూసేస్తారు.

ప్రతి ఏడూ మైనస్ వచ్చేది. ప్రతి ఏడూ పెన్సిలమ్మ దాన్ని మాయం చేసేది. వానలకు ముందు నెలల్లో కుట్టు విభాగం జీతాలను సగం చేసి, ఆ సగాన్ని వానల తర్వాతి నెలలోకి నెట్టేది. దానికి ఆమె పెట్టుకున్న పేరు సర్దుబాటు. రబ్బరుతో చెరిపి సగం రాయడానికి అర నిమిషం కూడా పట్టదు. రాశాక అలాగే జరిగేది. కాగితంలో సగం ఉన్న నెలలో గల్లాపెట్టెలోనూ జీతాలకు సగమే మిగిలేది, మిగతాది అప్పటికే గుడ్డకో ఇంటికో వెళ్ళిపోయి ఉండేది. బావ ‘వానలు పడనీ’ అనేవాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినా రాసిపెట్టింది తనేనని ఈ పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారీ అనుకోలేదు. తను లెక్క వేస్తున్నాననుకుంది, అంతే.

కొనుగోళ్ళు రాయాలంటే చేతిలో ఎంత గుడ్డ ఉందో తెలియాలి. మధ్యాహ్నం ఆమె కుట్టు హాల్లోకి దిగింది. ఆమె గడప దాటగానే మాటలు ఆగాయి, మిషన్లు ఆగలేదు.

కత్తిరించే బల్ల మీద నల్లగుడ్డ పొరలు పొరలుగా పరిచి, పైన అట్టముక్క పెట్టి ఒకామె సుద్దతో గీస్తోంది. ఎనిమిది ముక్కలు కలిస్తే ఒక గొడుగు. ఒక్క ముక్క కాస్త పెద్దదైనా గొడుగు బిగువు తప్పి ఒక పక్క సంచిలా వేలాడుతుంది. అందుకే కుట్టు పూర్తయిన ప్రతిదాన్నీ మేస్త్రమ్మ ఒడిలో పరుచుకుని, బొటనవేలు కుట్ల మీదుగా నడిపించి చూస్తుంది. ఆ రోజు ఆమె ఒడిలో గుడ్డ లేదు. చిన్న సానరాయి మీద మిషను సూదిని రుద్దుతోంది.

“స్టోర్లో సూదులు లేవా?” అంది పెన్సిలమ్మ.

“అయిపోయి మూడు వారాలు. చీటీ పంపాం. మీ దగ్గరే ఉండి ఉంటుంది.”

నిజమే, ఉంది. ‘తర్వాత’ అని రాసిన క్లిప్పు కింద ఉంది.

“తలా కొంత వేసుకుని మేమే ఓ ప్యాకెట్ తెచ్చుకున్నాం మేడమ్” అంది వెనక వరసలోంచి ఒకామె. “అదీ అయిపోయింది.” ఎవరో ముక్కుతో నవ్వారు.

పెన్సిలమ్మ తానులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మేస్త్రమ్మ సూదిని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తూ అడిగింది.

“ఒక్క మాట చెప్పండి. బ్యాంకు మీకు ఊరికే డబ్బిస్తుందా?”

“వడ్డీకి.”

“కాగితం రాయించుకుంటుందా?”

“రాయించుకుంటుంది.”

“మా నెల జీతం మీ దగ్గరే ఉంది. మేం మీకిచ్చినట్టే కదా. మరి మా కాగితమేదీ?”

ఇప్పుడు మిషన్లు కూడా ఆగాయి. పెన్సిలమ్మ తానుల వైపు తిరిగింది. “పదమూడు” అని పుస్తకంలో రాసుకుంది.

“పద్నాలుగు” అంది మేస్త్రమ్మ, అటు చూడకుండానే. మళ్ళీ లెక్కపెడితే పద్నాలుగే.

బుధవారం పొద్దుటికి కాగితం నిండింది, ఒక్క జీతాల వరుస తప్ప. అందులో జీతాలు పూర్తిగా వేస్తే మొదటి మూడు నెలలూ మైనస్. ఎంత మైనసో కూడా ఆమెకు ముందే తెలుసు. ఇప్పటికే ఆగిన నెల జీతం, రాబోయే రెండు నెలల్లో ఆపబోయే సగాలు, మొత్తం మూడు లక్షల ఇరవై నాలుగు వేలు. రబ్బరు చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఆమె చూపు ‘ఇంటికి’ వరుస మీద పడింది. అందులోంచి మామూలు ఖర్చులు పక్కనపెట్టి మేడగది ఒక్కదానికే విడిగా కూడింది. మూడు నెలలకూ కలిపి మూడు లక్షల ముప్ఫై రెండు వేలు.

మళ్ళీ కూడింది. అదే వచ్చింది. కుట్టు హాల్లో పద్దెనిమిది మంది జీతాలు తన గది గోడల్లోకి వెళ్తున్నాయి. దీనికి వేరే పేరేదీ ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం అక్క భోజనానికి పిలిచింది. తిన్నాక చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళింది. సగం పరిచిన నేల, తలుపు లేని గుమ్మం, కిటికీలోంచి గాలి. అక్క నేల మీద సుద్దతో గీసిన నలుచదరం చూపించింది.

“నీ మంచం ఇక్కడ. నీ పాత బీరువా పట్టట్లేదని గోడ ఇంకో అడుగు జరిపించాను. ఇక ఆ సుత్తిమోత ఉండదే నీకు.”

అక్క ఆ మాట ఎంత ప్రేమగా అందో పెన్సిలమ్మకు తెలుసు. “చాలా బాగుందక్కా” అని కిందికి దిగి, నేరుగా ఆఫీసుకి వచ్చి కూర్చుంది. ఆలోచిస్తే చెయ్యలేనని తెలిసి ఆలోచించకుండా రాసింది.

పోయే డబ్బులో జీతాలు నెలనెలా పూర్తిగా వేసింది, ఆగిన నెలతో సహా. వచ్చే డబ్బులో, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ కింద, కొత్తగా ఒక వరుస గీసింది. ‘కుట్టు విభాగం కార్మికుల దగ్గర అప్పు.’ ఆ వరుసలో మూడు లక్షల ఇరవై నాలుగు వేలు. చివరి వరుసలో అంకెలు ఎప్పట్లాగే వచ్చాయి, మైనస్ ఎక్కడా లేదు. సర్దుబాటు చేసినదానికీ దీనికీ పైసా తేడా లేదు. ఉన్నమాట రాసింది, అంతే తేడా.

టైపు చేసి, టిక్కులు పెట్టి, బావ ముందు ఉంచింది. “ఈసారి చదవండి బావగారూ.”

“ఆఖర్న మైనస్ ఉందా?”

“లేదు. అయినా ఒకసారి చదవండి.”

“పదకొండేళ్ళుగా నీ టిక్కులే నమ్ముకున్నాను. ఇవాళ కొత్తగా నన్ను బడికి పంపకు.” నాలుగు చోట్ల సంతకం పెట్టి, సీలు తనే గట్టిగా గుద్ది, కాగితాలు ఆమె వైపు తోశాడు.

గురువారం ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళారు. లోన్ల ఆఫీసరు సన్నటి మనిషి. ప్రతి వరుస కిందా స్కేలు పెట్టి, స్కేలును కిందికి జరుపుతూ చదివాడు. బావ కాలు మీద కాలు వేసుకుని, ఈ ఏడు వానలు బాగా పడతాయట అంటూ మాట కలపబోయాడు. స్కేలు ఒకచోట ఆగింది.

“కుట్టు విభాగం కార్మికుల దగ్గర అప్పు. ఇదేంటండీ?”

బావ ముందుకు వంగి చదివాడు. తన కంపెనీ బడ్జెట్‌ని ఆయన చదవడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

“అది ఏదో పొరపాటండీ.”

“సంతకం మీదే కదా?”

“నాదే.”

“సీలు కూడా ఉంది.” ఆఫీసరు పెన్సిలమ్మ వైపు తిరిగాడు.

“పొరపాటు కాదండీ” అంది ఆమె. “వాళ్ళ జీతం నెల రోజులది ఆగింది. ఇంకో రెండు నెలలు సగం సగం ఆగుతుంది. కంపెనీ నడిచేది ఆ డబ్బుతోనే, అందుకని వచ్చే డబ్బులో చూపించాను.”

“వడ్డీ ఎంత?”

“వడ్డీ ఏం లేదండీ” అన్నాడు బావ, అదేదో మంచి కబురైనట్టు.

“ఇలాంటి అప్పు ఎక్కడ పుడుతుందో మాక్కూడా చెప్పండి” అన్నాడు ఆఫీసరు. మొహంలో నవ్వు లేదు. “సరే. అప్పు అని రాశారు కాబట్టి దానికి మా పద్ధతి ఒకటుంది. ముందు మా బాకీ తీరాలి, తర్వాతే బయటివాళ్ళది. ఇచ్చినవాళ్ళంతా సంతకాలు పెట్టి ఉత్తరం ఇవ్వాలి, ‘బ్యాంకు అప్పు తీరేదాకా మా జీతం డబ్బు అడగం’ అని. ఉత్తరం ఇవ్వకపోతే వాళ్ళకి ఇప్పుడివ్వాల్సింది ఇచ్చేసి, ఆ వరుస లేని బడ్జెట్ తెచ్చుకోండి. రెండిట్లో ఏదైనా నాకొకటే. బుధవారం లోపల.”

ఈ పద్ధతి పెన్సిలమ్మ ఎరుగదు. వాళ్ళ కోసమని ఒక వరుస రాస్తే, వాళ్ళ కాళ్ళకు తాడు కట్టే ఉత్తరం పుట్టుకొచ్చింది.

కారులో మూడో కూడలి దగ్గర ఎర్రలైటు పడగానే బావ మొదలుపెట్టాడు.

“ఎంతకాలంగా దాచుకున్నావు ఈ విషం?”

“చదవమని రెండుసార్లు చెప్పాను.”

“ఆ గది ఎవరి కోసం కట్టిస్తున్నాననుకున్నావు? నాకోసమా? చెప్పు.”

“నాకోసమే.”

“మరి బుద్ధుండక్కర్లేదా?”

లైటు పచ్చగా మారింది. వెనక కార్లు హారన్లు మోగిస్తున్నా ఆయన కదలలేదు. “ఈ వానలయ్యేదాకా ఉండు. తర్వాత నీ దారి నువ్వు చూసుకో” అని అప్పుడు గేరు వేశాడు.

శుక్రవారం భోజనానికి పిలుపు రాలేదు. అక్కే ఆఫీసుకి వచ్చింది. కూర్చోలేదు. కొంగు నడుముకు బిగించి, తలుపు దగ్గరే నిలబడింది.

“నీ బీరువా కొలత చూసి గోడ జరిపించానే నేను.”

“తెలుసక్కా.”

“బయటివాడి ముందు ఆయన పరువు తీశావు. పైగా మా ఇంటి లెక్కలు వాడి చేతిలో పెట్టావు. నీకు వాళ్ళు ఎక్కువా, నేను ఎక్కువా?”

అక్కకు జవాబు చెప్పడం తేలికే, కానీ ఏ జవాబు చెప్పినా అక్క ఏడుస్తుంది. “రేపట్నుంచి నీ అన్నం డబ్బా నువ్వే తెచ్చుకో” అనేసి అక్క వెళ్ళిపోయింది. ఆ కాస్త మాటకే పెన్సిలమ్మకు కళ్ళు మండాయి.

ఆ వెనకే బావ ఉత్తరం తెచ్చాడు. పైన నాలుగు పంక్తులు, కింద పద్దెనిమిది ఖాళీ గీతలు.

“టిక్కులు పెట్టి తీసుకెళ్ళు. జీతం తాలూకు కాగితమని చెప్పు చాలు.”

“అందులో ఏముందో అడుగుతారు.”

“నేను అడిగానా? వాళ్ళూ అడగరు.”

ఆమె టిక్కులు పెట్టలేదు. అలాగే తీసుకుని హాల్లోకి దిగింది. ఈసారి మిషన్లు ఆమె అడగకుండానే ఆగాయి. మేస్త్రమ్మ కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

“టిక్కులు లేవేంటి? చదవండి, విందాం.”

పెన్సిలమ్మ చదివింది. కంపెనీ మాకు బాకీ ఉన్న సొమ్మును, బ్యాంకు అప్పు పూర్తిగా తీరేవరకు అడగబోమని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాము. చివరి మాట దాకా నిలబడి చదివింది.

“బ్యాంకు అప్పు ఎప్పటికి తీరుతుంది?” అని అడిగింది వెనక వరసలో ఆమె.

“మూడేళ్ళు పట్టవచ్చు.”

హాల్లో గుసగుస లేచింది. మేస్త్రమ్మ చెయ్యెత్తితే తగ్గింది. “మాకో కాగితమేదీ అని మొన్న నోరు జారాను. ఇదా మీరు తెచ్చిన కాగితం? మీ బావగారి కోసం ఇంత కష్టపడ్డారా?”

“అప్పు అని బడ్జెట్‌లో రాసింది నేను. ఈ ఉత్తరం బ్యాంకు అడిగింది. ఇలా అడుగుతారని నాకు తెలియదు.”

“తెలియదు” అంది మేస్త్రమ్మ, ఆ మాటను నమలకుండా మింగుతున్నట్టు. “సంతకం పెట్టకపోతే?”

ఇక్కడ పెన్సిలమ్మ ఆగింది. చెప్పమని బావ అనలేదు. చెప్పొద్దనీ అనలేదు, ఆ అవసరం వస్తుందని ఆయన ఊహించలేదు. వెనకింటి మేడ మీద రాయి కోసే మిషను కీచుమంటోంది. ఆమె గొంతు పెంచి, వెనక వరసకు కూడా వినబడేలా చెప్పింది.

“పెట్టకపోతే బ్యాంకు డబ్బివ్వదు. అప్పుడు ఆయనకి ఒక్కటే దారి. ఆగిన నెల జీతం ముందు మీకు కట్టేయాలి, ఇకమీద సగాలు ఆపకూడదు. బుధవారం గడువు.”

“కట్టడానికి డబ్బుందా?”

“ఉంది.”

ఎక్కడుందో ఎవరూ అడగలేదు. పైన రాయి కోసే మోత అందరూ వింటూనే ఉన్నారు.

“ఆయన్నే రమ్మనండి” అంది మేస్త్రమ్మ.

బావ శనివారం వచ్చాడు. హాల్లోకి ఆయన దిగి ఎన్నాళ్ళయిందో, ఊచల కట్టలు ఎక్కడుంటాయో తెలియక ఒకదానికి కాలు తగిలించుకున్నాడు. కూర్చోడానికి కుర్చీ లేదు. ఎవరో ఒక అట్టపెట్టె బోర్లించి చూపించారు. అది కుంగుతుందేమోనని నిలబడే మాట్లాడాడు.

“మీరంతా నాకు ఇంటి మనుషుల్లాంటివాళ్ళమ్మా. ఒక్క సంతకం. బ్యాంకువాళ్ళ తంతు ఇదంతా. నా మాట మీద నమ్మకం లేదా?”

ఆయన పెన్సిలమ్మను చూపించాడు.

“ఇదంతా ఈమె పెట్టిన చిచ్చు. మేడ మీద గది, గది అని గొణుక్కుంటున్నారట. ఎవరికనుకుంటున్నారు ఆ గది? ఈమెకే. అడగండి, కాదంటుందేమో.”

పద్దెనిమిది మొహాలు ఆమె వైపు తిరిగాయి. నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది ఆమెకు.

“అవును, నాకే” అంది.

మేస్త్రమ్మ ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో జాలి లేదు, మెప్పూ లేదు. కుట్లు సరిగా పడ్డాయో లేదో చూసే చూపు అది. తర్వాత బావ చేతిలోంచి ఉత్తరం తీసుకుంది. అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి, మిషను సొరుగులో సానరాయి కింద పెట్టి సొరుగు మూసేసింది.

“వానలు పడనీ అయ్యా” అంది. “చూద్దాం.”

పాదం దించి మిషను తొక్కింది. వెనకున్న పదిహేడూ ఒకటొకటిగా అందుకున్నాయి. బావ ఏదో అంటున్నాడు గానీ పెదవులు కదలడమే కనబడింది.

పైకి వచ్చాక ఆయన పెన్సిలమ్మ బల్ల ఎదుట కూర్చున్నాడు. అది బయటివాళ్ళు కూర్చునే కుర్చీ. “ఆ పెద్ద కాగితం ఇలా తే” అన్నాడు. వేలు పెట్టి మొదటి వరుస నుంచి చదువుకుంటూ వచ్చాడు. గుడ్డ, ఊచలు, కరెంటు, వడ్డీ. వేలు ‘ఇంటికి’ దగ్గర ఆగింది. ఆయన అడగకుండానే ఆమె రబ్బరు ఆయన వైపు జరిపింది. పెన్సిలు కూడా జరిపింది.

ఆయన చెరపడం చేతగాని మనిషి, కాగితం చిరిగిపోయేలా రుద్దాడు. ఆ సాయంత్రానికి మేడ మీద రాయి మిషను ఆగింది.

సోమవారం జీతాల కిటికీ తెరిచేసరికి వరస మెట్ల దాకా ఉంది. ముందు మేస్త్రమ్మ. పెన్సిలమ్మ నోట్ల కవరు అందించింది, కొత్త సూదుల ప్యాకెట్లు పక్కన పెట్టింది. మేస్త్రమ్మ గట్టు మీద నోట్లు పరిచి లెక్కపెట్టుకుంది. రిజిస్టరులో తన పేరు పైన ఏముందో మొత్తం చదువుకుని సంతకం పెట్టింది. సూదుల ప్యాకెట్లు తీసి నడుముకు దోపుకుంది. పక్కకు జరుగుతుందేమోనని పెన్సిలమ్మ రెండో కవరు చేతిలోకి తీసుకుంది.

మేస్త్రమ్మ జరగలేదు.

“మేం మీకు అప్పిచ్చినట్టు బ్యాంకులో రాశారట కదా.”

“రాశాను.”

“బ్యాంకు అప్పుకి వడ్డీ వరుస ఉందా ఆ కాగితంలో?”

“ఉంది.”

“మరి మా అప్పు నెల రోజులు మీ దగ్గరుంది కదమ్మా. వడ్డీ ఏదీ?”

వెనక పదిహేడు మందీ కిటికీ వైపు వంగారు. గాజు తలుపు అవతల బావ తల ఎత్తాడు. పెన్సిలమ్మ కొత్త బడ్జెట్ తెరిచి చూసింది. అన్నీ కట్టాక మూడో నెల చివర ఎనిమిది వేలు మిగులుతున్నాయి. వడ్డీ వరుస ఒక్కటే ఉంది, అది బ్యాంకుది. రెండోది వెయ్యాలన్న ఊహే ఆమెకు రాలేదు.

ఆమె స్కేలు తీసి, ఆ వడ్డీ వరుస కింద ఇంకో గీత గీసింది.